టోర్నడోల వేటలో సర్ఫేస్ మ్యాప్: ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఏటా ఏప్రిల్ వచ్చిందంటే డాలస్, ఓక్లహోమా సిటీ, విచిటా వైపు ఉండే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రంగురంగుల మ్యాపులు తిరుగుతాయి. ఒకదాంట్లో ఎర్రటి మచ్చ ఉంటుంది. ఇంకోదాని కింద "రేపు సాయంత్రం ఆరింటికి మన కౌంటీ మీదే" అని ఎవరో రాసి ఉంటారు. పిల్లల్ని స్కూల్‌కి పంపాలా, వడగళ్లు పడేలోపు కారు గరాజ్‌లో పెట్టాలా అని ఇంటింటా టెన్షన్. అదే మధ్యాహ్నం, టోర్నడోలను, అంటే మేఘం నుంచి నేలకు దిగే భీకర సుడిగాలులను, వెతుక్కుంటూ వెళ్లే స్టార్మ్ ఛేజర్లు ఆ ఎర్రమచ్చకు ఎంతో పడమరగా, ఎవరూ పేరు వినని చిన్న ఊళ్లో గ్యాస్ స్టేషన్ దగ్గర కారు ఆపుకుని ఎదురుచూస్తుంటారు. ఆకాశంలో అప్పటికి మబ్బుతునక కూడా ఉండదు.

ఆ ఊరినే ఎందుకు ఎంచుకున్నారు? చాలాసార్లు జవాబు సర్ఫేస్ మ్యాప్‌లో ఉంటుంది. చూడటానికి ఇది మిగతా మ్యాపులంత ఆకర్షణగా ఉండదు. చుక్కలు, అంకెలు, చిన్న గీతలు, అంతే. కానీ ఉరుముల మేఘం ఎక్కడ పుడుతుందో ముందుగా పసిగట్టడానికి దీన్ని మించిన ఆధారం తక్కువ. మేఘం అసలు పుడుతుందా అన్నది మాత్రం ఇది ఒక్కటే చెప్పలేదు. ఈ రెండు ప్రశ్నలనీ కలిపేయడం వల్లే వాతావరణ మ్యాపుల చుట్టూ ఇంత గందరగోళం.

కొలిచింది, లెక్కకట్టింది, కనిపించింది

ఫోన్‌లో తిరిగే మ్యాపులు ప్రధానంగా మూడు రకాలు. రాడార్ మ్యాప్ అప్పటికే పుట్టిన వానను, వడగళ్లను చూపిస్తుంది. మోడల్ మ్యాప్ రాబోయే గంటల్లో ఏం జరగవచ్చో కంప్యూటర్ కట్టిన లెక్క. నిజమైన రాడార్ బొమ్మలాగే కనిపిస్తుంది కాబట్టి రేపటి లెక్కను ఇవాళ్టి వార్త అనుకునేవాళ్లు చాలామంది. మూడోది సర్ఫేస్ మ్యాప్. నేల మీద పరికరాలు ఈ గంటలో కొలిచిన ఉష్ణోగ్రత, తేమ, గాలి, పీడనం ఇందులో ఉంటాయి.

అమెరికాలో ఈ కొలతలు ముఖ్యంగా విమానాశ్రయాల్లోని ఆటోమేటిక్ కేంద్రాల నుంచి వస్తాయి. ఇలాంటివి 900కు పైగా ఉన్నాయి. ఓక్లహోమా రాష్ట్రానికి అదనంగా సొంత వ్యవస్థ ఉంది. అక్కడి రెండు ప్రధాన విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే ఓక్లహోమా మెసోనెట్ 1994లో మొదలైంది. 77 కౌంటీల్లో ప్రతిదాంట్లో కనీసం ఒక కేంద్రం, మొత్తం మీద సుమారు 120. ప్రతి 5 నిమిషాలకు కొత్త కొలతలు. పశ్చిమ టెక్సస్‌లోనూ ఇలాంటిదే ఒకటి పనిచేస్తోంది. ఛేజర్లు ఈ ప్రాంతాన్ని ఇష్టపడటానికి చదునైన నేల, తిన్నని రోడ్లు ఒక కారణమైతే, ఇంత దట్టమైన కొలతలు ఇంకో కారణం.

ఒక స్టేషన్ గుర్తులో ఏముంటుంది

మ్యాప్ మీద ప్రతి కేంద్రానికీ ఒక చిన్న వృత్తం, దాని చుట్టూ అంకెలు. ఎడమవైపు పైన 84, కింద 68, కుడివైపు పైన 042 అని ఉన్నాయనుకుందాం. వృత్తం నుంచి కుడివైపు కిందికి ఒక గీత సాగి, దాని కొసన ఒక పొడుగు అడ్డగీత, ఒక పొట్టి అడ్డగీత ఉన్నాయి.

84 అంటే ఉష్ణోగ్రత, ఫారన్‌హీట్‌లో. మన లెక్కలో దాదాపు 29 డిగ్రీలు. 68 డ్యూ పాయింట్, అంటే 20 డిగ్రీల సెల్సియస్. 042 పీడనం. చోటు కలిసిరావడానికి ముందు అంకెలు వదిలేసి, చివరి అంకెను దశాంశంగా రాస్తారు. చిన్న సంఖ్య అయితే ముందు 10 చేర్చాలి, పెద్దదైతే 9. కాబట్టి 042 అంటే 1004.2 మిల్లీబార్లు. అదే 978 అని ఉంటే 997.8. గాలి గీత గాలి ఎటు నుంచి వస్తోందో అటు సాగుతుంది. ఇక్కడ ఆగ్నేయం నుంచి. పొడుగు అడ్డగీతకు 10 నాట్లు (గాలి వేగపు కొలత), పొట్టిదానికి 5, మొత్తం 15 నాట్లు. వృత్తం ఎంత నల్లబడితే ఆకాశంలో అంత మబ్బు.

సమయం దగ్గర కూడా చాలామంది పొరబడతారు. ఈ మ్యాపులన్నీ అంతర్జాతీయ సమయంలో ఉంటాయి. మే నెలలో 18Z అంటే ఓక్లహోమాలో మధ్యాహ్నం 1 గంట, హైదరాబాద్‌లో రాత్రి 11:30. 00Z అయితే అక్కడ సాయంత్రం 7, కానీ మ్యాప్ మీద మర్నాటి తేదీ ఉంటుంది. మే 3 సాయంత్రపు మ్యాప్ మీద మే 4 అని చూసి పాతదో కొత్తదో తేల్చుకోలేకపోవడం మామూలే.

డ్యూ పాయింట్ మీద ఇంత పట్టింపు ఎందుకు

గాలిని చల్లబరుస్తూ పోతే ఒక ఉష్ణోగ్రత దగ్గర అందులోని ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలవుతుంది. అదే డ్యూ పాయింట్. వాతావరణ వార్తల్లో వినిపించే తేమ శాతం ఎండను బట్టి గంటగంటకూ మారిపోతుంది. డ్యూ పాయింట్ అలా కాదు. గాలిలో నిజంగా ఎంత ఆవిరి ఉందో అది చెబుతుంది. ఆ ఆవిరే మేఘానికి ఇంధనం. ఆవిరి నీరుగా మారేటప్పుడు విడుదలయ్యే వేడి వల్లే గాలి ఇంకా పైకి, ఇంకా వేగంగా లేస్తుంది.

ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ మధ్య తేడా చూస్తే మేఘం అడుగుభాగం ఎంత ఎత్తులో ఉంటుందో అంచనా కట్టవచ్చు. సెల్సియస్‌లో ప్రతి డిగ్రీ తేడాకు సుమారు 125 మీటర్లు. పై ఉదాహరణలో 84, 68. తేడా 16 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే దాదాపు 8.9 సెల్సియస్. 125తో గుణిస్తే సుమారు 1,100 మీటర్లు. ఇంకో కేంద్రంలో 92, 58 ఉన్నాయనుకోండి. తేడా 34, సెల్సియస్‌లో 18.9. మేఘం అడుగు సుమారు 2,350 మీటర్ల ఎత్తులో ఉంటుంది.

రెండు చోట్లా పెద్ద మేఘమే లేవవచ్చు. కానీ రెండోచోట వానచుక్కలు కిందికి వచ్చే దారిలో పొడిగాలిలో ఆవిరైపోయి, ఆ గాలిని బాగా చల్లబరుస్తాయి. ఆ చల్లని బరువైన గాలి దబ్బున నేలకు దిగి, మేఘంలోకి పోవాల్సిన వెచ్చని గాలిని అడ్డుకుంటుంది. అక్కడ దుమ్ము, ఈదురుగాలి, వడగళ్లు ఎక్కువ, టోర్నడో అవకాశం తక్కువ. బలమైన టోర్నడోలు పుట్టిన రోజుల్లో మేఘం అడుగు కిందుగానే ఉండటం పరిశోధనల్లో పదేపదే కనిపించింది.

డ్యూ పాయింట్ ఫారన్‌హీట్‌లో 60 దాటితేనే కారు తీయాలని ఛేజర్లలో ఒక మాట ఉంది. మేలో ఓక్లహోమాకు ఇది పనికొస్తుంది. అన్నిచోట్లకూ వర్తించదు. కొలరాడో తూర్పు మైదానం సముద్రమట్టానికి 1,500 మీటర్లు ఆ పైన ఉంటుంది. అక్కడ 50 దాటినా చాలు, భారీ మేఘాలు లేస్తాయి. చలికాలంలో పైన గాలి బాగా చల్లగా ఉంటుంది కాబట్టి మిసిసిపీ, అలబామాల్లో 60 లోపే టోర్నడోలు వచ్చిన సందర్భాలున్నాయి.

ఇంకో చిక్కు, ఈ కొలత తీసేది నేల నుంచి రెండు మీటర్ల లోపు ఎత్తులోనే. తేమ పొర పలచగా ఉంటే, మధ్యాహ్నం ఎండకు పైనున్న పొడిగాలి కలిసిపోయి డ్యూ పాయింట్ పడిపోతుంది. 12 గంటలకు 66 ఉన్నది 3 గంటలకు 60కి దిగిందంటే ఇంధనం అనుకున్నంత లోతుగా లేదని అర్థం. అందుకే ఒక్క మ్యాప్ కన్నా వరసగా నాలుగైదు గంటల మ్యాపులు చూడటం మేలు. నిలిచిన అంకె కంటే మారుతున్న అంకెలో ఎక్కువ సమాచారం ఉంటుంది.

గాలులు ఎదురుపడే గీతలు

తేమ ఉన్నంత మాత్రాన మేఘం లేవదు. ఏదో ఒకటి గాలిని పైకి నెట్టాలి. వేర్వేరు గాలులు ఎదురుపడే చోట వాటికి పోవడానికి పక్కకు దారి ఉండదు, పైకే లేస్తాయి. సర్ఫేస్ మ్యాప్‌లో ఛేజర్లు వెతికేది ఆ గీతలనే.

వసంతంలో పడమటి గాలులు రాకీ పర్వతాలు దాటి దిగేటప్పుడు వాటికి తూర్పున అల్పపీడనం ఏర్పడుతుంది. సమభార రేఖలు, అంటే ఒకే పీడనం ఉన్న చోట్లను కలిపే గీతలు, దాని చుట్టూ వలయాలుగా కనిపిస్తాయి. ఆ అల్పపీడనం గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి తేమగాలిని ఉత్తరానికి లాగుతుంది. నైరుతి నుంచి మెక్సికో పీఠభూమి పొడిగాలి వస్తుంది. ఉత్తరం నుంచి చల్లగాలి దిగుతుంది. చల్లగాలి ముందంచు కోల్డ్ ఫ్రంట్. వెచ్చగాలి చల్లగాలి మీదికి ఎగబాకే చోటు వార్మ్ ఫ్రంట్. తేమగాలికీ పొడిగాలికీ మధ్య సరిహద్దు డ్రైలైన్.

డ్రైలైన్ ప్రవర్తన మొదటిసారి వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. టెక్సస్ నేల పడమరకు పోయేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. గల్ఫ్ తేమగాలి ఆ వాలు మీద పరుచుకుంటుంది కాబట్టి పడమటి కొసన తేమ పొర చాలా పలచన. పొద్దెక్కాక ఎండకు ఆ పలచని పొర పైగాలితో కలిసి పొడిబారిపోతుంది. తర్వాత దానికి కాస్త తూర్పున ఉన్న పొర, ఆ తర్వాత ఇంకొంచెం తూర్పు. అలా గీత పగలంతా తూర్పుకు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. రాత్రి తేమ తిరిగి పడమరకు వస్తుంది. డ్రైలైన్‌కు రెండువైపులా ఉష్ణోగ్రత దాదాపు ఒకటే ఉండవచ్చు, కానీ డ్యూ పాయింట్ మాత్రం కొద్ది మైళ్లలోనే 30, 40 డిగ్రీలు పడిపోతుంది. ఉష్ణోగ్రత మ్యాప్ ఒక్కటే చూసేవాళ్లకు ఈ గీత కనిపించకపోవడానికి కారణం ఇదే.

డ్రైలైన్, ఫ్రంటు కలిసే చోటును ట్రిపుల్ పాయింట్ అంటారు. గాలులు మూడువైపుల నుంచీ అక్కడికే చేరతాయి. ఛేజర్ల మధ్య ఎప్పుడూ నలిగే వాదన ఒకటుంది. ట్రిపుల్ పాయింట్ దగ్గర నిలబడాలా, లేక డ్రైలైన్ వెంట దక్షిణానికి పోవాలా? ట్రిపుల్ పాయింట్ దగ్గర మేఘం పుట్టే అవకాశం ఎక్కువ, కానీ ఎక్కువ మేఘాలు ఒకేసారి పుట్టి ఒకదాన్నొకటి చెడగొట్టుకోవచ్చు, లేదా చల్లగాలి వాటి కిందికి దూరవచ్చు. దక్షిణాన మేఘం ఒంటరిగా పెరిగే వీలుంది, కానీ అసలు పుట్టకపోవచ్చు. రెండు పక్షాలకూ గెలిచిన రోజులు, ఓడిన రోజులు ఉన్నాయి.

హైవే 40 వెంట ఒక మే మధ్యాహ్నం

లెక్క అర్థం కావడానికి ఒక రోజును ఊహిద్దాం. ఊళ్లు నిజమైనవి, అంకెలు ఉదాహరణ కోసం. మధ్యాహ్నం 2 గంటలు. టెక్సస్‌లోని అమరిల్లో నుంచి ఓక్లహోమా సిటీ వైపు ఇంటర్‌స్టేట్ 40 మీద తూర్పుకు వెళ్తున్నాం.

అమరిల్లోలో ఉష్ణోగ్రత 88, డ్యూ పాయింట్ 24, నైరుతి గాలి 25 నాట్లు. షామ్‌రాక్‌లో 87, 41, నైరుతి గాలి 15. ఓక్లహోమా సరిహద్దు దాటి ఎల్క్ సిటీకి వస్తే 85, 64, దక్షిణపు గాలి. క్లింటన్‌లో 84, 67, గాలి కొంచెం ఆగ్నేయానికి తిరిగింది. ఎల్ రీనోలో 82, 69, పూర్తిగా ఆగ్నేయ గాలి 15 నాట్లు.

షామ్‌రాక్‌కూ ఎల్క్ సిటీకీ మధ్య డ్యూ పాయింట్ 23 డిగ్రీలు మారింది, గాలి దిశ కూడా మారింది. డ్రైలైన్ ఆ మధ్యలోనే ఉంది. గంట క్రితం మ్యాప్‌లో షామ్‌రాక్ డ్యూ పాయింట్ 62 అని ఉంటే, గీత ఈ గంటలోనే ఆ ఊరు దాటిందని తెలుస్తుంది. ఇదే నడక సాగితే 4 గంటలకల్లా ఎల్క్ సిటీ దాటవచ్చు. మేఘం డ్రైలైన్ మీద పుట్టి ఈశాన్యానికి కదులుతుంది కాబట్టి, ఛేజర్ గీత మీద కాకుండా దానికి తూర్పున, క్లింటన్ చుట్టుపక్కల ఉండాలనుకుంటాడు.

ఇప్పుడు పీడనం చూద్దాం. గడచిన మూడు గంటల్లో అన్నిచోట్లా 1 మిల్లీబార్ తగ్గితే అది మధ్యాహ్నం మామూలుగా జరిగేదే. కానీ క్లింటన్‌కు ఉత్తరాన రెండు మూడు కేంద్రాల్లో 3, 4 మిల్లీబార్లు తగ్గిందంటే, చుట్టూ ఉన్న గాలి అటువైపు లాగబడుతోంది. ఎల్ రీనోలో దక్షిణపు గాలి ఆగ్నేయానికి తిరగడానికి అది కారణం కావచ్చు. ఈ తిరుగుడుకు ఛేజర్లు ఎంతో విలువ ఇస్తారు. కింద ఆగ్నేయం నుంచి, పైన పడమర నుంచి గాలి వీస్తుంటే, ఎత్తు పెరిగేకొద్దీ గాలి దిశ, వేగం మారుతున్నట్టు. ఆ మార్పే మేఘంలోకి లేచే గాలిని మెలితిప్పుతుంది. అలా తిరిగే మేఘమే సూపర్‌సెల్. బలమైన టోర్నడోల్లో అధికభాగం వాటి నుంచే వస్తాయి.

పీడనాలను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. అమరిల్లో సుమారు 1,100 మీటర్ల ఎత్తులో ఉంటే ఓక్లహోమా సిటీ 400 మీటర్ల లోపు. మ్యాప్ మీద కనిపించేది సముద్రమట్టానికి సరిచేసిన విలువ. ఆ సరిచేయడంలో కొంత ఊహ ఉంటుంది. అందువల్ల రెండు ఊళ్ల పీడనం పోల్చడం కంటే ఒకే ఊళ్లో మార్పును గమనించడం ఎక్కువ నమ్మదగ్గది.

నిన్నటి వాన వదిలి వెళ్లిన సరిహద్దు

ఫ్రంట్లు, డ్రైలైన్ టీవీలో కూడా చూపిస్తారు. అందులో కనిపించనిది, నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచేది ఔట్‌ఫ్లో సరిహద్దు. రాత్రి ఉరుముల వాన కురిసినచోట చల్లగాలి నేల మీద పరుచుకుంటుంది. వాన వెళ్లిపోయినా ఆ చల్లని మడుగు అంచు మర్నాడు మధ్యాహ్నం దాకా మిగిలి ఉండవచ్చు. మ్యాప్‌లో అది సన్నగా తెలుస్తుంది. ఒక కేంద్రంలో 85, పక్కదాంట్లో 77. గాలి ఇక్కడ దక్షిణం, అక్కడ తూర్పు. పీడనం అక్కడ ఒక మిల్లీబార్ ఎక్కువ. ఉపగ్రహ చిత్రంలో ఒకవైపు చిన్న మబ్బుల వరస, ఇంకోవైపు ఖాళీ.

నేల మీది ఇలాంటి చిన్న వ్యవస్థలను వరుస కొలతలతో శ్రద్ధగా గీసి చూపించినవారిలో ముందువరసలో ఉన్నవాడు జపాన్ నుంచి షికాగో వచ్చిన టెట్సుయా ఫుజిటా. ఆయన్ని టోర్నడోల తీవ్రతను ఎఫ్0 నుంచి ఎఫ్5 దాకా చెప్పే ఎఫ్-స్కేల్ సృష్టికర్తగానే ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నారు. ఉరుముల వాన కింద ఏర్పడే చిన్న అధికపీడనాన్ని 1950లలోనే ఆయన విడమరిచి చూపించాడు.

1994, 1995 వసంతాల్లో వోర్టెక్స్ అనే పెద్ద పరిశోధన జరిగింది. అందులో 1995లో నమోదైన ముఖ్యమైన టోర్నడోల్లో దాదాపు 70 శాతం ఇలాంటి సరిహద్దుల దగ్గరే పుట్టాయని తర్వాత విశ్లేషణలో తేలింది. 1995 జూన్ 2న టెక్సస్‌లోని డిమిట్ దగ్గర వచ్చిన టోర్నడో ఆ పరిశోధనలో ప్రసిద్ధం. ఆ రోజు ఆ ప్రాంతంలో పాత వానల చల్లగాలి అంచు ఒకటి మిగిలి ఉంది. దాన్ని చేరుకున్న మేఘాలు టోర్నడోలను పుట్టించాయి. అంచు వెంట గాలికి అప్పటికే మెలిక ఉంటుంది. మేఘం దాన్ని తనలోకి లాక్కుంటుంది. అయితే చల్లవైపు మరీ లోపలికి పోతే వెచ్చని ఇంధనం దొరక్క అదే మేఘం చచ్చిపోతుంది. ఒకే గీత మేఘానికి ప్రాణం పోయగలదు, తీయగలదు కూడా.

నేల మీద కనిపించని మూత

అన్నీ కుదిరాయి. తేమ ఉంది, గీత ఉంది, గాలి తిరిగింది. సాయంత్రం 7 అయింది. ఆకాశం నిర్మలం. ఛేజింగ్‌లో ఇది చాలా మామూలు.

నైరుతి ఎడారి పీఠభూముల మీద వేడెక్కిన గాలి తూర్పుకు వచ్చేసరికి, పల్లపు నేల మీది తేమగాలికి పైన, ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తులో వెచ్చని పొరగా నిలుస్తుంది. కింద నుంచి లేచే గాలి ఆ పొర దగ్గరికి వచ్చేసరికి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా, బరువుగా అయిపోయి ఆగిపోతుంది. ఉడుకుతున్న గిన్నె మీద మూత పెట్టినట్టే. మూత పలచగా ఉంటే ఉదయమే అక్కడా ఇక్కడా చిన్న వానలు లేచి శక్తి వృథా అవుతుంది. మరీ మందంగా ఉంటే రోజంతా ఏమీ లేవదు. సాయంత్రం దాకా ఆపి, అప్పుడు ఒకటి రెండు చోట్ల మాత్రమే విడిపోయే మూత ఉన్న రోజే అన్నిటికంటే ప్రమాదకరం.

ఈ మూత సర్ఫేస్ మ్యాప్‌లో ఎక్కడా కనిపించదు. దాన్ని కొలిచేది బెలూన్. రోజుకు రెండుసార్లు, ఓక్లహోమా వేసవి సమయం ప్రకారం ఉదయం, సాయంత్రం 7 గంటల లెక్కకు, హైడ్రోజన్ లేదా హీలియం నింపిన బెలూన్లకు పరికరం కట్టి వదులుతారు. ప్రమాదం ఉందనుకున్న రోజుల్లో మధ్యాహ్నం అదనంగా ఒకటి. 2025లో సిబ్బంది కొరత వల్ల నెబ్రాస్కాలోని ఒమాహా, సౌత్ డకోటాలోని రాపిడ్ సిటీలో ఈ బెలూన్లను ఆపేస్తున్నామని, మరికొన్ని చోట్ల రోజుకు ఒకటికి తగ్గిస్తున్నామని అమెరికా జాతీయ వాతావరణ సర్వీసు ప్రకటించినప్పుడు వాతావరణ శాస్త్రజ్ఞులు గట్టిగా అభ్యంతరం చెప్పడానికి కారణం ఇదే. నేల మీద ఎన్ని కేంద్రాలున్నా పైపొర సంగతి అవి చెప్పలేవు.

1999 మే 3, 2019 మే 20

రెండు నిజమైన రోజులు పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది.

1999 మే 3 ఉదయం ఓక్లహోమాకు తక్కువస్థాయి హెచ్చరికే ఉంది. పడమటి డ్రైలైన్ స్పష్టంగా లేదు. దాని దగ్గర గాలులు గట్టిగా ఎదురుపడటం లేదు. పైగా పలచని ఎత్తు మబ్బులు ఎండను అడ్డుకుంటున్నాయి. సర్ఫేస్ మ్యాప్ ఒక్కటే చూసినవాళ్లకు మామూలు రోజులాగే అనిపించి ఉండవచ్చు. కానీ న్యూ మెక్సికోలోని టుకుంకారీలో పైగాలులను కొలిచే ప్రొఫైలర్, మోడళ్లు చెప్పినదానికన్నా బలమైన గాలులు వస్తున్నాయని చూపించింది. అది చూశాక, అమెరికాలో ఇలాంటి హెచ్చరికలిచ్చే ప్రభుత్వ సంస్థ స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ హెచ్చరికను పెంచుతూ పోయి, సాయంత్రానికల్లా అత్యున్నత స్థాయికి తెచ్చింది. ఆ సాయంత్రం బ్రిడ్జ్ క్రీక్, మూర్ మీదుగా వెళ్లిన ఎఫ్5 టోర్నడో ఒక్కటే 36 మంది ప్రాణాలు తీసింది.

2019 మే 20 దీనికి తలకిందులు. అత్యున్నత స్థాయి హెచ్చరిక ముందే వచ్చింది. తేమ, గాలి అన్నీ ఆందోళన కలిగించేలా ఉన్నాయి. ఓక్లహోమా సిటీ చుట్టుపక్కల స్కూళ్లు మూసేశారు. టోర్నడోలు పుట్టాయి, కానీ అందరూ భయపడిన స్థాయి విపత్తు రాలేదు. స్కూళ్లు మూయడం తప్పని ఆ తర్వాత కొందరన్నారు. నేను ఒప్పుకోను. ఉదయం చేతిలో ఉన్న సమాచారంతో చూస్తే ఆ నిర్ణయం సబబే. హెచ్చరిక చెప్పేది అవకాశం గురించి. అవకాశం ఎక్కువగా ఉన్న రోజు కూడా ఖాళీగా గడిచిపోవచ్చు.

చేత్తో గీయాలా, మోడల్ చూస్తే చాలదా?

1956 నుంచి ఉరుముల మేఘాల వెంట తిరిగి, తొలి ఛేజర్లలో ఒకడిగా పేరుపడ్డ డేవిడ్ హోడ్లీ తరానికి ఈ ప్రశ్నే లేదు. దారిలో వాతావరణ కార్యాలయాల దగ్గర ఆగి, టెలిటైప్ మీద వచ్చిన అంకెలు చూసుకుని, కాగితం మీద గీతలు గీసుకుని కదిలేవారు. ఇప్పుడు ఫోన్‌లోనే 3 కిలోమీటర్ల గళ్లతో ప్రతి గంటకూ కొత్త లెక్క కట్టే హెచ్ఆర్ఆర్ఆర్ మోడల్ దొరుకుతుంది. అది 2014 నుంచి వాడుకలో ఉంది.

చేత్తో గీయాలనేవాళ్ల వాదన ఇది. కంప్యూటర్ గీసే గీతలు కొలతలను నునుపు చేస్తాయి. పక్కవాటితో సరిపడని ఒక్క కేంద్రాన్ని పొరపాటుగా లెక్కించి వదిలేస్తాయి. చాలాసార్లు ఆ ఒక్క కేంద్రమే ఔట్‌ఫ్లో అంచును పట్టిస్తుంది. ప్రతి అంకెనూ చూస్తూ గీసేవాడి మనసులో వాతావరణం ఒక బొమ్మగా నిలుస్తుంది. మోడల్ ఉదయం వానను తప్పుగా అంచనా వేస్తే, దాని మధ్యాహ్నపు లెక్క కూడా తప్పుతుంది. దాన్ని పట్టుకోవడానికి నేల కొలతలే ఆధారం.

మోడల్ పక్షం వాదన కూడా బలమైనదే. సర్ఫేస్ కొలతలు ఆ మోడల్లోకి ఎలాగూ వెళ్తాయి. వాటితో పాటు రాడార్, ఉపగ్రహం, విమానాల కొలతలు కూడా చేరతాయి. ఇన్ని కొలతలను ఒకేసారి తలలో పెట్టుకోవడం మనిషికి కష్టం, మోడల్‌కు సులువు. చేత్తో గీసేవాడు తాను కోరుకున్న చోట గీత గీసుకునే ప్రమాదమూ ఉంది.

నాకు న్యాయమనిపించేది, రెంటినీ ఒకదానితో ఒకటి తనిఖీ చేయడం. మోడల్ మధ్యాహ్నం 1 గంటకు ఎల్క్ సిటీలో డ్యూ పాయింట్ 68 అంటే, కేంద్రంలో 62 ఉంటే, ఆ మోడల్ సాయంత్రం 6 గంటలకు చూపించే ఎర్రమచ్చను కొంచెం తగ్గించి చూడాలి. వాట్సాప్‌లో వచ్చే మ్యాపుకు ఈ తనిఖీ ఎవరూ చేసి ఉండరు.

30 కిలోమీటర్ల వలలో పడనిది

మెసోనెట్ కేంద్రాల మధ్య సగటు దూరం సుమారు 30 కిలోమీటర్లు. అంత దట్టమైన వలలో కూడా టోర్నడో పడదు. సర్ఫేస్ మ్యాప్ ఛేజర్‌ను సరైన కౌంటీకి చేరుస్తుంది. ఆ తర్వాత రాడార్, కళ్లు, రోడ్డు.

2013 మే 31న ఎల్ రీనో దగ్గర ఇదే జరిగింది. ఆ రోజు మ్యాప్ చదివినవాళ్లు చాలామంది సరైన చోటికే చేరారు. కానీ టోర్నడో దాదాపు 4.2 కిలోమీటర్ల వెడల్పుకు పెరిగింది. ఆగ్నేయంగా కదులుతున్నది ఉన్నట్టుండి ఈశాన్యానికి మళ్లి వేగం పెంచింది. వాన ముసుగులో దాని అంచు కనిపించలేదు. చనిపోయిన 8 మందిలో టిమ్ సమరాస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ ఉన్నారు. సమరాస్ జాగ్రత్తపరుడిగా పేరున్న పరిశోధకుడు. టోర్నడో దారిలో నేల మీద పరికరాలు పెట్టి కొలవడం ఆయన పని. 2003 జూన్ 24న సౌత్ డకోటాలోని మాంచెస్టర్ దగ్గర ఆయన పెట్టిన పరికరం మీదుగా టోర్నడో వెళ్లినప్పుడు పీడనం 100 మిల్లీబార్లు పడిపోయినట్టు నమోదైంది. మామూలు మ్యాప్‌లో సమభార రేఖల మధ్య తేడా 4 మిల్లీబార్లు. అంటే అలాంటి పాతిక గీతలు ఒక్క ఊరి అంచున కుక్కినట్టు.

ఛేజర్ల వల్ల మేలెంత, కీడెంత అన్నది కూడా ఆ రోజు తర్వాత ఎక్కువగా చర్చకు వచ్చింది. వాళ్లు కళ్లారా చూసి చెప్పిన సమాచారంతో హెచ్చరికలు బలపడతాయి. రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేలకు పైపైన వెళ్తుంది కాబట్టి మేఘం కింద ఏముందో చూసిన మనిషే చెప్పాలి. మరోపక్క, ఒకే మేఘం చుట్టూ వందల కార్లు చేరితే స్థానికులు తప్పించుకునే దారులు, అంబులెన్సులు వెళ్లే దారులు మూసుకుపోతాయి. రెండూ నిజమే.

మన బులెటిన్లలోని ద్రోణి

ఇదంతా అమెరికా సంగతే అయినా, మార్చి నుంచి మే వరకు మన పత్రికల్లో వచ్చే "విదర్భ నుంచి కర్ణాటక మీదుగా తమిళనాడు వరకు ద్రోణి" అన్న వాక్యంలో ఉన్నదీ ఇలాంటి గీతే. దానికి ఒకవైపు లోపలి భూభాగం మీదుగా వచ్చే పొడిగాలి, ఇంకోవైపు బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి. రెండూ కలిసే చోట మధ్యాహ్నం తర్వాత ఉరుములు, పిడుగులు, వడగళ్లు. మామిడి, మిర్చి రైతుకు నష్టం తెచ్చే అకాల వర్షాల్లో చాలావాటి వెనక ఈ గీత ఉంటుంది. మనకు పెద్ద టోర్నడోలు అరుదు. బంగాళాఖాతానికి ఉత్తరపు కొసన పరిస్థితి వేరు. అక్కడ వసంతంలో కింద తేమగాలి, పైన బలమైన పడమటి గాలి కలిసి వస్తాయి. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లోని దౌలత్‌పూర్, సాటూరియా మీద వచ్చిన టోర్నడోలో చనిపోయినవారు సుమారు 1,300 మంది అని అంచనా. ప్రపంచంలో నమోదైన టోర్నడోల్లో అంతకు మించి ప్రాణాలు తీసినది లేదు.

తెలంగాణలో మండలాల స్థాయిలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పనిచేస్తున్నాయి. ఉష్ణోగ్రతతో పాటు తేమ శాతం, గాలి కూడా నమోదవుతాయి. తేమ శాతం, ఉష్ణోగ్రత తెలిస్తే డ్యూ పాయింట్ లెక్కకట్టవచ్చు. పైగాలి కొలతలకు భారత వాతావరణ శాఖ హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నంల నుంచి బెలూన్లు వదులుతుంది. వాటి లెక్క సమయాలు మనకు ఉదయం, సాయంత్రం 5:30. పత్రికల్లో అచ్చయ్యేది మాత్రం ఎక్కువగా గరిష్ఠ ఉష్ణోగ్రతా వానా. ఏప్రిల్ మధ్యాహ్నం ఉమ్మడి మెదక్ జిల్లాలో డ్యూ పాయింట్ ఎక్కడ తెగుతోందో, గాలి ఎక్కడ తిరుగుతోందో చూపించే గంటగంట మ్యాప్ తెలుగులో రోజూ వస్తే, ద్రోణి ఏ మండలాల మీదుగా పోతోందో రైతు సాయంత్రపు వానకు ముందే చూసుకోగలడు.